పెర్ల్‌కి అల్లిన చేతి తొడుగులు

లార్క్‌హిల్, మానిటోబా
1961 నవంబరు 6

మరదలా,

ముందు మా తమ్ముడి దగ్గు సంగతి చెప్పు, తర్వాతే మిగతా కబుర్లు. పోయిన ఉత్తరంలో "ఐనార్ బాగానే ఉన్నారు" అని ఒక్క ముక్కతో సరిపెట్టావు. మా అత్తగారు ఎప్పుడడిగినా నేనూ ఆ మాటే చెప్పేదాన్ని కాబట్టి దాని విలువ నాకు తెలుసు.

ఇక్కడ ఒక కబురుంది. మంచిదో చెడ్డదో నువ్వే తేల్చుకో. మంచుమీద రాళ్ళు జార్చి, వాటి ముందు చీపుళ్ళతో ఊడుస్తూ మనం ఆడిన కర్లింగ్ షెడ్డుకి ఇదే ఆఖరి చలికాలం. కప్పు దూలాలు కుళ్ళిపోయాయి, ఇంకో ఏడాది మంచు బరువు మోయలేవని తేల్చేశారు. వచ్చే ఏడు ఆడాలంటే మిల్‌బ్రే పోవాలి. అక్కడ యంత్రంతో మంచు చేస్తారట. మన లాకీ ముసలాయన అది విని, "యంత్రం చేసిన మంచుమీద యంత్రాల్నే ఆడుకోమనండి" అని బకెట్టు తన్ని ఇంటికి పోయాడు. ఇన్నేళ్ళూ నేలమీద నీళ్ళు చల్లి, తలుపులు బార్లా తెరిచి, చలిని లోపలికి పిలిచి మంచు కట్టించిన మనిషి. ఆయన బాధ ఆయనది.

అందుకని ఫిబ్రవరిలో ఆడవాళ్ళ పోటీని ఈసారి ఘనంగా చేస్తున్నారు. ఇదివరకు గెలిచిన జట్లన్నిటినీ పిలుస్తున్నారు. గెలిచినప్పుడు ఏ నలుగురున్నారో ఆ నలుగురే ఆడితే బాగుంటుందంటున్నారు. షెడ్డులో పొయ్యి పైన గెలిచినవాళ్ళ పలకలో 1949 పక్కన మన పేర్లు ఇంకా ఉన్నాయి. థోరా, మావిస్, స్టెఫా, జూన్. మిగతా పేర్లన్నీ పొగచూరిపోయాయి. నీది ఒక్కటే కాస్త తెల్లగా ఉంది. నేను వెళ్ళినప్పుడల్లా చేతిగుడ్డతో తుడుస్తుంటాలే.

నువ్వు రావాలి. నేను తప్పు చేస్తుంటే "వదినా, నీకు కళ్ళున్నాయా?" అని ఎదురు చెప్పే మనిషి లేక నా ఆట పాడైపోయింది. పెర్ల్ ఎదురు చెప్పదు, పాపం.

నీ వదిన,
థోరా

విక్టోరియా
1961 నవంబరు 19

వదినా,

మీ తమ్ముడు రాత్రిళ్ళు నిద్రపోతున్నారు. మెట్లెక్కితే ఆయాసం వస్తోంది కానీ నెత్తురు పడటం లేదు. ఇదే నిజం, ఇంతకంటే దాచిందేమీ లేదు. ఇక్కడి గాలి పడింది ఆయనకి. నాకే పడలేదు. నవంబరు నెలలో గులాబీలు పూస్తాయమ్మా ఇక్కడ. చూస్తే ఒళ్ళు మండుతుంది. వానే వాన. ఎనిమిదేళ్ళలో ఒక్కసారి కూడా నా ముక్కులో వెంట్రుకలు గడ్డకట్టలేదు.

నీ ఉత్తరం చదివి పొయ్యిమీద పాలు మర్చిపోయాను. గిన్నె మాడింది. మన షెడ్డు, ఆ కిరసనాయిలు వాసన, వంటగదిలో జూన్ చేసే పళ్ళ పై, లాకీ తాత గొణుగుడు. రావాలని ఎంతుందో చెప్తే నువ్వు ఏడుస్తావు, అందుకని చెప్పను.

కానీ రాను. ఎందుకంటావా? పెర్ల్ ఉంది. ఎనిమిదేళ్ళనుంచి నా చోట నిలబడి ఆడుతున్న మనిషి. నువ్వు రాసిన ప్రతి ఉత్తరంలో ఆమె ఉంది. బడిలో చిన్నపిల్లలకి చదువు చెప్తుందనీ, చెవి కాస్త వినబడదనీ, ఆడేటప్పుడు పాటలు పాడుతుందనీ అన్నీ నాకు తెలుసు. ఆమె వచ్చాక మీరొక్క పోటీ గెలవలేదు, అందుకు లోలోపల సంతోషించిన మాట కూడా ఒప్పుకుంటాను. అయినా ఆఖరి ఏడాది వచ్చేసరికి "అమ్మా, నువ్వు పక్కకి జరుగు, అసలు మనిషి వచ్చింది" అంటామా? మన ఊళ్ళో ఎవరైనా అలా చేశారా? రోజూ ఆడే మనిషిని లేపి చుట్టాన్ని నిలబెడితే మంచు పగులుతుందని మీ అమ్మే అనేది.

మొన్న ఇక్కడి కర్లింగ్ రింకులోకి తొంగి చూశాను. ఒక జట్టులో ఒకామె రాలేదు, ముగ్గురే ఆడుతున్నారు. నలుగురుంటే మనిషికి రెండు రాళ్ళే కదా, మనిషి తగ్గేసరికి మొదటి ఇద్దరూ మూడేసి వేస్తున్నారు. ఎనిమిది రాళ్ళ లెక్క సరిపోయింది గానీ, ఆ మూడో మనిషి నిలబడాల్సిన చోటు, నా చోటు, చూస్తూ ఉండలేకపోయాను. వెంటనే బయటికి వచ్చేశాను. మీకు పెర్ల్ దొరికింది, అదే చాలు.

మావిస్

లార్క్‌హిల్
1961 డిసెంబరు 3

ఏమే మావిస్,

పుల్లవిరుపు మాటలు బాగా నేర్చావు. మా తమ్ముడు నేర్పాడా?

పెర్ల్‌ని అడిగాను. సంతోషంగా తప్పుకుంటానంది. "మావిస్ ఆడితే చూడాలని నాకూ ఉంది" అంది. ఇంకేం కావాలి నీకు? పైగా ఆమె మెట్లమీద జారి మణికట్టు బెణికించుకుంది. ఫిబ్రవరికి తగ్గుతుందో లేదో తెలీదు. అంటే నువ్వు ఎవరి చోటూ లాక్కోవడం లేదు, మాకు సాయానికి వస్తున్నావన్నమాట.

స్టెఫా రోజూ అడుగుతోంది. "ఏదీ, వస్తోందా ఆ సముద్రం రాణి? రాకపోతే నేనే పోయి జుట్టు పట్టుకు లాక్కొస్తా" అంటోంది. జూన్‌కి మోకాళ్ళ నొప్పులు. వంగి లేచేటప్పుడు దేవుణ్ణీ మొగుణ్ణీ కలిపి తిడుతుంది. ఇంకో రెండేళ్ళయితే మనం నలుగురం కలిసి వంగలేం మావిస్. అది ఆలోచించు.

క్రిస్మస్‌కి కేకు పంపుతున్నాను. ఏడు పొరలూ ఉన్నాయి. ఒక్క పొర తగ్గినా మా అమ్మ సమాధిలోంచి లేచొచ్చి చెంప పగలగొడుతుంది. మా తమ్ముడికి రెండు ముక్కలు పెట్టు, మిగతాది నువ్వు తిను. వాడు అడిగితే అయిపోయిందని చెప్పు.

థోరా

విక్టోరియా
1961 డిసెంబరు 17

వదినా,

కేకు అందింది. మీ తమ్ముడు మొదటి ముక్క నోట్లో పెట్టుకుని కిటికీలోంచి వానవైపు చూస్తూ కూర్చున్నారు. రెండో ముక్క అడగలేదు. నేనే పెట్టాను.

పెర్ల్ మణికట్టు గురించి చదివి బాధపడ్డాను. పాపం, నా చోటు ఇవ్వడానికి ఒప్పుకుందంటే ఎంత మంచి మనిషో! ఆమె చోట నేనుంటే ఒప్పుకోను, నిన్నూ నన్నూ కలిపి వాయిస్తాను. అందుకే ఆమెకి ఒక జత చేతి తొడుగులు అల్లి పంపుతున్నాను. ఎర్ర ఉన్ని, అంచున బూడిదరంగు. బెణికిన చోట వెచ్చగా ఉండాలని మణికట్టు దాటి పొడుగ్గా అల్లాను. ఆమె చెయ్యి ఎంతుంటుందో తెలీక నా చేతి కొలతకే అల్లాను. ఫిబ్రవరికి తగ్గిపోతుందని చెప్పు. ఆఖరి పోటీ ఆమే ఆడాలి. ఒక్కసారైనా నీతో గెలవాలి ఆమె. ఇన్నేళ్ళు ఓడుతూ కూడా నీ పక్కన నిలబడిందంటే ఆ మాత్రం హక్కుంది.

నేనా? ఆ ఆట ఎప్పుడో మర్చిపోయాను. చీపురు ఎలా పట్టుకోవాలో కూడా గుర్తులేదు.

మావిస్

అక్కా, ఇది అబద్ధం. రోజూ తెల్లారగానే వంటింట్లో టీ కెటిల్ పట్టుకుని ఒంటికాలు వెనక్కి చాపి గచ్చుమీద జారుతోంది. నిన్న కెటిల్ వెళ్ళి నా కాలికి తగిలింది. పైగా నన్నే తిట్టింది, "అడ్డం లేవండి, రాయి ఆగాల్సిన వలయంలో కూర్చున్నారు" అని. ఇల్లు ఊడవమంటే నడుం నొప్పి. దీన్ని ఎలాగైనా పిలిపించు. నా గురించి ఆలోచించొద్దు, పక్కింటి మిసెస్ కావెల్ చూసుకుంటానంది. — ఐనార్

లార్క్‌హిల్
1962 జనవరి 9

మావిస్,

తొడుగులు అందాయి. ఏం రంగు, ఏం అల్లిక! పెర్ల్ చూసి చాలా సంతోషించింది. నీకు కృతజ్ఞతలు చెప్పమంది.

మొన్న శనివారం సాధన కోసం పక్క ఊరి జట్టుతో ఆడాం. చలి సున్నాకి ముప్పై కింద ఉంది, లాకీ మంచు అద్దంలా చేశాడు. రాయి చేతిలోంచి వదిలితే చాలు, తనంతట తానే పాటందుకుంటోంది. నీకు గుర్తుందా ఆ చప్పుడు? ఆఖరి విడతలో వాళ్ళ రాయి వలయాల నట్టనడుమ దర్జాగా కూర్చుంది, దానికి కాపలాగా ముందు ఇంకో రాయి. జూన్ వల్ల కాలేదు. స్టెఫా మొదటిది పక్కకి పోయింది. రెండోది కాపలా రాయికి కొట్టుకుని అక్కడే చతికిలబడింది. అప్పుడు చూడాలి స్టెఫా మొహం! మూడో రాయి వదిలేముందు శిలువ గుర్తు వేసుకుని, ఉక్రేనియన్‌లో ఏదో బూతు తిట్టి, అంత నెమ్మదిగా వదిలింది. నేను "ఊడువ్! ఊడువ్వే జూన్!" అని గొంతు పోయేలా అరిచాను. కాపలాని గోరంతలో దాటి, వంపు తిరిగి, వాళ్ళ రాయిని మెల్లగా బయటికి తోసి ఆ స్థానంలో కూర్చుంది. షెడ్డంతా గోల. నీకు చెప్పాలని ఇంటికి పరిగెత్తుకొచ్చాను.

వస్తానని ఒక్క మాట రాయవే. ఇంకెన్నిసార్లు బతిమాలను?

థోరా

విక్టోరియా
1962 జనవరి 20

థోరా వదినకి,

నీ ఉత్తరం మూడుసార్లు చదివాను. మొదటిసారి సంతోషంతో, నేనే అక్కడున్నట్టు. రెండోసారి ఎక్కడో ముల్లు గుచ్చుకుంది. మూడోసారి వేళ్ళమీద రాళ్ళు లెక్కపెట్టాను.

స్టెఫాకి మూడో రాయి ఎక్కడిది వదినా?

నలుగురున్న జట్టులో మనిషికి రెండు రాళ్ళు. మొదటి ఇద్దరూ మూడేసి వేశారంటే మూడో మనిషి లేదని అర్థం. సరే, పెర్ల్‌కి చెయ్యి బెణికింది కదా, ఆ రోజు రాలేదేమో అనుకున్నాను. అలా అనుకుని ఊరుకుంటే బాగుండేది. నీ పాత ఉత్తరాలు అన్నీ తీశాను. ఎనిమిదేళ్ళలో ఎన్ని ఆటల గురించి రాశావో! నీ రాళ్ళు, స్టెఫా రాళ్ళు, జూన్ రాళ్ళు. పెర్ల్ పాడింది, పెర్ల్ నవ్వింది, పెర్ల్ టోపీ పారేసుకుంది. పెర్ల్ ఒక్క రాయీ వెయ్యలేదు. ఒక్కటంటే ఒక్కటి.

లేని మనిషి మీద ఎనిమిదేళ్ళు కుళ్ళుకున్నానా నేను? లేని మనిషికి తొడుగులు అల్లానా? జూన్ క్రిస్మస్ కార్డులో "పెర్ల్ ముద్దులు పంపింది" అని రాసిందే! ఊరంతా కలిసి నన్ను ఆడించారా?

ఎందుకో నాకు తెలుసు. నీ తమ్ముడి కోసం. నేను ఇక్కడ కుదురుగా ఉండి ఆయనకి కషాయాలు కాచి పెట్టాలని. నాకు ఎంత కోపంగా ఉందంటే, ఆయనకి టీ కూడా ఇవ్వలేదు ఇవాళ. పాపం ఆయనకేం తెలుసు, తనే పెట్టుకుని నాకూ ఒక కప్పు తెచ్చారు.

నిజం చెప్పు. నా చోట ఎప్పుడైనా, ఒక్కరోజైనా, ఎవరైనా నిలబడ్డారా?

మావిస్

లార్క్‌హిల్
1962 జనవరి 29

మావిస్,

లేదు. ఒక్కరోజు కూడా.

మీరు వెళ్ళిననాడు రైలు పెట్టె మెట్టుమీద నిలబడి నువ్వన్న మాట నీకు గుర్తులేదేమో, నాకు గుర్తుంది. "నా చోట ఎవర్నైనా పెట్టెయ్ వదినా. అది ఖాళీగా ఉందని తెలిస్తే నేనక్కడ ఉండలేను, తిరిగొచ్చేస్తాను" అన్నావు. నువ్వొస్తే వాడూ వస్తాడు. ఇంకో చలికాలం ఇక్కడ గడిపితే బతకడని డాక్టరు నాతోనే చెప్పాడు. ఏం చెయ్యమంటావు? ఇంటికొచ్చి కాగితం తీసుకుని పెర్ల్‌ని పుట్టించాను.

ఎవర్నైనా నిజంగానే పెట్టొచ్చుగా అంటావు. అడిగిన వాళ్ళున్నారు. మంచి ఆటగత్తెలే. పెడితే గెలిచేవాళ్ళం కూడా. ఒకామెని ఆ చోట నిలబెట్టి చూశాను, ఆట మొదలవకముందే. ఆమె చీపురు మంచుమీద ఆనించి నావైపు చూసింది. తలనొప్పి అని చెప్పి ఇంటికొచ్చేశాను. ఆ తర్వాత స్టెఫాయే అంది, "ముగ్గురం చాలు. ఓడితే ఓడతాం" అని.

ఊరంతా పెర్ల్‌ని పెంచింది, నిజమే. చర్చి గుమ్మంలో "పెర్ల్ కులాసానా?" అని నన్ను ఏడిపిస్తారు. పెర్ల్ టోపీ పారేసుకుందన్నది లాకీ కల్పన. పాటలు జూన్ నేర్పింది. నీ తొడుగులు వచ్చిన రోజు మాత్రం ఎవరూ నవ్వలేదు.

నన్ను ఎంతైనా తిట్టు. ఎదురుగా నిలబడి తిట్టు. పదిహేడో తారీకు శనివారం మధ్యాహ్నం మన ఆట.

థోరా

బ్రాండన్ రైలు స్టేషను
1962 ఫిబ్రవరి 17, శనివారం

వదినా,

ఈ ఉత్తరం కంటే ముందు నేనే నీ దగ్గరికి వస్తానేమో. అయినా రాస్తున్నాను. చేతులు ఊరుకోవడం లేదు.

తిట్టడానికే బయల్దేరాను. కొండలు దాటేదాకా ఏం తిట్టాలో కూర్చుకుంటూనే ఉన్నాను. తెల్లారి కిటికీ తెరిస్తే మైదానం కనబడింది. తెల్లగా, చదునుగా, అడ్డం ఏమీ లేకుండా. తిట్లన్నీ మర్చిపోయాను. ఎదుటి సీటాయన "ఏమైందమ్మా?" అని అడిగాడు. "ముక్కులో గడ్డకట్టింది" అని చెప్పాను. అతనికి అర్థం కాలేదు.

ఇక్కడికి వచ్చాక మంచుతుఫాను పట్టుకుంది. చెయ్యి చాపితే చెయ్యి కనబడదు. దక్షిణం వైపు రోడ్లన్నీ మూసేశారు. టెలిఫోను తీగలు తెగాయి. బండి వాళ్ళని ఎంత అడిగినా, "మీ ఊరు ఎక్కడికీ పోదులెండి, కూర్చోండి" అంటున్నారు. ఊరు పోదు, నాకు తెలుసు. పోయేది వేరే. గంట దారి వదినా! సముద్రం దగ్గర్నుంచి వచ్చి గంట దారిలో ఆగిపోయాను.

ఇప్పుడు రెండు దాటింది. మీరు మంచుమీదికి దిగి ఉంటారు. జూన్ వంగేటప్పుడు దేవుణ్ణి తిడుతుంటుంది. నేను ఇక్కడ బల్లమీద కూర్చుని ఒక్కొక్క రాయీ లెక్కపెడుతున్నాను. స్టెఫా మూడోది అయ్యాక ఆగుతున్నాను.

మావిస్

విక్టోరియా
1962 మార్చి 4

వదినా,

క్షేమంగా చేరాను. మీ తమ్ముడు స్టేషనుకి వచ్చారు, వద్దన్నా వినలేదు. పెట్టె మొయ్యబోతే లాక్కున్నాను. ఇద్దరం చెరో పిడీ పట్టుకుని మోశాం.

నీ ఇంట్లో ఉన్నన్నాళ్ళూ చెప్పలేకపోయిన మాట ఒకటి రాస్తాను. సోమవారం సాయంత్రం నేను షెడ్డు తలుపు తీసేసరికి పోటీ అయిపోయింది, జనం వెళ్ళిపోయారు, కాగితం దండలు కూడా తీసేశారు. మీరు ఓడిపోయారని దారిలోనే చెప్పావు. ఆఖరి రోజు కూడా ముగ్గురితోనే ఆడారని, పక్కన కూర్చున్నవాళ్ళు సాయానికి వస్తామన్నా వద్దన్నారని చెప్పావు. నేను ఏడవాలనుకున్నాను. అంతలో లాకీ తాత గొణుక్కుంటూ వచ్చి, "ఇంతసేపా రావడం? మంచు ఎండిపోయింది" అని తిట్టి, వేడినీళ్ళ డబ్బా వీపుకి తగిలించుకుని, రాయి బాగా జారేలా మళ్ళీ ఈ కొసనుంచి ఆ కొసదాకా చినుకులు చల్లాడు. ఎవరికోసం? ఓడిపోయిన జట్టులో రాని మనిషి కోసం.

నువ్వు పెర్ల్ తొడుగులు తెచ్చి నా చేతికిచ్చావు. సరిగ్గా సరిపోయాయి. సరిపోవూ మరి!

మొదటి రాయి వెనక గోడకి పోయి కొట్టుకుంది, కెటిల్‌తో సాధన చేస్తే అంతే. రెండోది వదిలాను. అవతలి కొసన నువ్వు చీపురు ఆనించి నిలబడ్డావు. స్టెఫా, జూన్ ఊడుస్తున్నారు. నువ్వు అరుస్తున్నావు. ఇద్దరు ఊడిస్తే రాయి పాట వేరు వదినా, ఆ చప్పుడు మర్చిపోయాను. అది నట్టనడుమకి జానెడు ఇవతల ఆగింది. అప్పుడు నువ్వన్నావు, "కాస్త తగ్గింది" అని. నేను "నీకు కళ్ళున్నాయా?" అన్నాను.

ఆ మాట అనడానికి అంత దూరం వచ్చాను. ఇప్పుడు ఇక్కడ గులాబీలు కత్తిరిస్తున్నాను. తొడుగులు వేసుకునే కత్తిరిస్తున్నాను. మీ తమ్ముడు చూసి నవ్వలేదు.

మావిస్

లార్క్‌హిల్
1962 ఏప్రిల్ 15

మరదలా,

నువ్వు వెళ్ళాక నువ్వు వేసిన ఆ రెండో రాయిని ఎవరూ కదపలేదు. మిగతావన్నీ పెట్టెల్లో పెట్టి మిల్‌బ్రే పంపారు. దీని దగ్గరికి వచ్చేసరికి లాకీ "అది ఉండనీ" అన్నాడు.

మార్చి ఆఖరున తలుపులు తెరిచాం. ఇన్నేళ్ళూ చలిని పిలిచిన తలుపులే, ఈసారి ఎండని పిలిచాయి. రోజూ పోయి చూస్తున్నాను. ముందు మంచు నీలంగా అయింది, తర్వాత మెత్తబడింది. వలయాల రంగులు కరిగి ఒకదాంట్లో ఒకటి కలిసిపోయాయి. నీ రాయి కొంచెం కొంచెంగా దిగుతూ వచ్చింది. నిన్న పొద్దున వెళ్తే నేల తాకింది. చుట్టూ బురద. వలయం లేదు, గీత లేదు, అది మాత్రం ఆగిన చోటే ఉంది. దాని పక్కన కూర్చుని బాగా ఏడ్చాను. దాచడమెందుకు? తర్వాత ఇంటికొచ్చి రొట్టెలు చేశాను.

పలకని నేను తెచ్చుకున్నాను. వంటింట్లో పెట్టాను.

మిల్‌బ్రే వాళ్ళు వచ్చే చలికాలానికి ఇప్పుడే జట్ల పేర్లు అడుగుతున్నారు. ఎప్పుడూ మూడో మనిషి పేరు దగ్గర గీత గీసి ఇచ్చేదాన్ని. ఈసారి నీ పేరు రాశాను. స్టెఫా చూసి, "మళ్ళీ మొదలెట్టావా అబద్ధాలు?" అంది. నువ్వు రాలేవని నాకు తెలుసు. రాకూడదు కూడా. వాడి ఊపిరి అక్కడుంది, నువ్వు అక్కడే ఉండాలి. నేను వాడి అక్కని, వేరే మాట ఎలా అంటాను?

కానీ ఇన్నేళ్ళూ నీ చోట మనిషి ఉందని రాశాను. ఇక రాయను. ఖాళీగానే ఉంది మావిస్. మిల్‌బ్రేలో యంత్రం మంచుమీద కూడా ఖాళీగానే ఉంటుంది. ఓడిపోయే వయసు మాకు ఇంకా చాలా ఉంది.

మా తమ్ముడి దగ్గు సంగతి చెప్పు. ఈసారి నిజం చెప్పు, నేనూ నిజమే చెప్పాను.

నీ వదిన,
థోరా